ఉప్పునీళ్లు చెప్పిన సాక్ష్యం

మా ఇంట్లో ఒక బొంత ఉంది. దాని మీద రెండు ఎరుపులున్నాయి. ఒకటి పక్కనున్న తెల్ల ముక్కను గులాబీ చేసింది. రెండోది చేయలేదు. రెండింటినీ కుట్టిన చెయ్యి ఒకటే. ఉతుకు ఒకటే, ఆరిన దండెం ఒకటే. కుట్టింది మా పెద్దమ్మ. కొత్త గుడ్డను తడిపి చూడకుండా బొంతలోకి రానిచ్చేది కాదు. చూసినదాన్ని లెక్కల పుస్తకంలో రాసిపెట్టేది. ఆ రాత ప్రకారం మొదటి ఎరుపు పరీక్షలో నెగ్గింది. బొంత ప్రకారం నెగ్గలేదు.

నేను విప్పదలచిన ముడి ఇదే. కొత్త గుడ్డని ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్నది మా ఇంటి మాట మాత్రమే కాదు. మా వీధిలో కథరీలు, అంటే వాళ్ల బొంతలు, కుట్టే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లూ అదే అంటారు. పరికిణీ అయితే రంగు దిగినా విడిగా ఉతుక్కోవచ్చు. బొంతకి ఆ వీలు లేదు. వంద ముక్కలు కలిపి కుట్టేశాక ఎరుపుని తెలుపు నుంచి విడదీయలేం. అందుకని కుట్టకముందు చేసే పరీక్ష మీదే అంతా ఆధారపడుతుంది. ఆ పరీక్ష తప్పు చెబితే మూడు నెలల పని మొదటి ఉతుకులో పోతుంది.

ముందుగా ఊరి సంగతి తేల్చాలి. పుస్తకం అట్ట లోపల పెద్దమ్మ చేతిరాతతో కర్గీ రోడ్ అని ఉంది. అదే పుస్తకంలో మడిచిపెట్టిన ఒక ఉత్తరం కవరు మీద కోటా అని ఉంది. మా బంధువుల్లో ఒకరు దీన్ని రాజస్థాన్ కోటా అనుకుని, పుస్తకం మరొకరిదని వాదించారు. ఆ వాదన నిలవదు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు పోయే లైనులో ఊరి పేరు కోటా, స్టేషన్ పేరు కర్గీ రోడ్. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ లైనుని 1891లో తెరిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఆ రైల్వేలో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ డివిజన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మాది అందులో ఒకటి. రైలు దిగినవాళ్లు కర్గీ రోడ్ అంటారు, ఉత్తరం రాసేవాళ్లు కోటా అంటారు. రెండు పేర్లూ ఒక ఊరివే.

తర్వాత సంవత్సరం. పుస్తకంలో మాసాలు, తిథులు, వారాలు ఉన్నాయి. సంవత్సరం ఉన్న మొదటి ఆకు చిరిగిపోయింది. ఉప్పునీళ్ల పేజీ కార్తీక మాసంలో ఉంది. రంగు అంటిన పేజీ జ్యేష్ఠంలో ఉంది. ఈ రెంటి మధ్య ఎంత కాలం గడిచిందో తెలియకపోతే మిగతాదేదీ తేలదు.

మొదట నేను దారి తప్పాను. ధరలన్నీ నయాపైసల్లో రాసి ఉన్నాయి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 1964 జూన్ 1 నుంచి ఆ నయా అన్న మాటని ప్రభుత్వం తీసేసింది. కాబట్టి పుస్తకం ఆ ఏడేళ్లలోదే అనుకున్నాను. ఈ ఆధారానికి బలం లేదు. ప్రభుత్వం తీసేసిన మాట నోట్లోంచి పోవాలన్న నియమం లేదు. మా అమ్మ 1980ల్లో కూడా నయాపైసలనే అనేది.

గట్టి ఆధారం ఉప్పునీళ్ల పేజీ తర్వాత మూడో పేజీలో దొరికింది. “కార్తీక పున్నమి. శుక్రవారం. గ్రహణం. పట్టుస్నానం, విడుపుస్నానం. సూది పట్టలేదు.” అంత మాత్రమే ఉంది. నయాపైసలు వచ్చాక మన దేశంలో కనిపించిన చంద్రగ్రహణాల్లో, కార్తీక పౌర్ణమి నాడు పడి, పుస్తకం వయసుకి సరిపడేవి మూడు. 1957 నవంబరు 7 గ్రహణం నయాపైసల లెక్కకి కూడా సరిపోతుంది. కానీ అది గురువారం. 1975 నవంబరు 18 గ్రహణం అర్ధరాత్రి దాటాక పట్టింది, ఆ రోజు మంగళవారం. 1974 నవంబరు 29 శుక్రవారం. ఆ సాయంత్రం చంద్రుడు పొడిచాక గ్రహణం మొదలై, రాత్రి భోజనాల వేళకి సంపూర్ణమైంది.

ఒక్క సాక్ష్యం మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకని వెనక్కి తిప్పాను. గ్రహణం పేజీకి ముందు, వైశాఖ బహుళంలో, వరసగా కొన్ని పేజీల మీద సమ్మె అన్న ఒక్క మాట ఉంది. రైల్వే ఇంట్లో సమ్మె అంటే రైల్వే సమ్మే. 1960లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె జరిగింది, కానీ అది జూలైలో. వైశాఖంలో పడేది 1974 సమ్మె. మే 8న మొదలై 27న ముగిసింది. గ్రహణం చెప్పిన ఏడు, సమ్మె చెప్పిన ఏడు ఒకటే. ఉప్పునీళ్ల పరీక్ష 1974 నవంబరులో జరిగింది. రంగు అంటింది తర్వాతి జ్యేష్ఠంలో, అంటే 1975 జూన్, జూలైల మధ్య. నడుమ ఏడెనిమిది నెలలు.

ఇప్పుడు అసలు పేజీలు. మొదటిది: “ఎర్ర పోప్లిన్ గజమున్నర. సగం బకెట్ నీళ్లకి రెండు గుప్పెళ్లు ఉప్పు. రాత్రంతా నాన. నీళ్లు తేటగా ఉన్నాయి. ఇంకా రెండు రాత్రులు అలాగే. తేట.” రెండోది: “బొంత మొదటి ఉతుకు. వేడినీళ్లు, చాకలి సోడా. ఎరుపు దిగింది. తెలుపుకి అంటింది. రుమాలు ముక్క బాగుంది.” మూడు రాత్రులు తేటగా ఉన్న నీళ్లు ఒక పక్క, గులాబీ అయిన తెలుపు ఇంకో పక్క.

ఇంత తేడా కనిపిస్తే ముందుగా కలిగే అనుమానం గుడ్డ మారిందేమోనని. పరీక్షించింది ఒకటి, కుట్టింది ఒకటి కావచ్చు. దీన్ని తేల్చడానికి వస్తువు ఉంది. బొంతతో పాటు ట్రంకుపెట్టెలో కాగితంలో చుట్టిన ఎర్ర పేలిక దొరికింది. బెత్తెడు వెడల్పు, మూరెడు పొడవు, ఎక్కడా కుట్టు లేదు. భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాను. పేలికలోనూ, బొంత మీద ఎర్ర ముక్కలోనూ నిలువు పోగులు సరిపోయాయి, అడ్డపోగులు సరిపోయాయి. పేలికకి ఒక అంచు ఉంది. బొంత మీద ఒక ముక్కకీ అదే అంచు ఉంది. అది ఒకే గుడ్డ.

రెండో అనుమానం వేడినీళ్ల మీద, చాకలి సోడా మీద. పరీక్ష చన్నీళ్లతో చేసింది, ఉతుకు వేడినీళ్లతో చేసింది. తేడా అక్కడే ఉందని నేను చాలా రోజులు నమ్మాను. బొంతను ముట్టుకోకుండా పేలిక నుంచి వేలెడంత ముక్కలు కత్తిరించాను. ఒకటి వేడినీళ్లు, సోడా కలిపిన గిన్నెలో వేశాను. నీళ్లు వెంటనే ఎరుపెక్కాయి. ఇక్కడితో ఆగి ఉంటే నేను కూడా తప్పే రాసేవాణ్ని. రెండో ముక్కని ఉత్త చన్నీళ్లలో వేశాను. ఉప్పు లేదు, సోడా లేదు, వేడి లేదు. గంటలో నీళ్లు గులాబీ అయ్యాయి, తెల్లవారేసరికి ఎరుపయ్యాయి. వేడి రంగుని తొందరగా దించింది. కానీ దిగడానికి వేడి అక్కర్లేదు.

మూడో ముక్కకి పెద్దమ్మ చేసినట్టే చేశాను. రెండు గుప్పెళ్ల కల్లుప్పు తూచితే 120 గ్రాములు వచ్చింది. సగం బకెట్ కొలిస్తే 8 లీటర్లు. అంటే లీటరుకి 15 గ్రాములు. అదే పాళ్లలో ఒక గిన్నెలో కలిపి ముక్కని రాత్రంతా ఉంచాను. పొద్దున్న నీళ్లు తేటగా ఉన్నాయి. పెద్దమ్మ రాసింది అక్షరాలా నిజం. అదే ముక్కని తీసి, పిండి, ఉప్పు లేని నీళ్లలో వేశాను. కాఫీ తాగి వచ్చేలోపు నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

ముడి ఇక్కడ వదులైంది. ఉప్పు రంగుని గుడ్డలో నిలపలేదు. ఉప్పు ఉన్నంతసేపు దిగనివ్వలేదు, అంతే. నీళ్లు తేటగా ఉన్నాయంటే రంగు నిలిచిందని పెద్దమ్మ చదువుకుంది. అందరం అలాగే చదువుకుంటాం. నీళ్లు చెప్పింది మాత్రం ఈ గిన్నెలో, ఈ పూట దిగలేదని.

ఉప్పుకి ఈ గుణం ఎక్కడిది? అద్దకం పని తెలిసినవాళ్లకి ఇది వింత కాదు. నూలు నీళ్లలో తడిసినప్పుడు దాని మీద కొద్దిగా రుణ విద్యుదావేశం ఉంటుంది. నూలుకి వేసే డైరెక్ట్ రంగుల కణాల మీదా అదే ఆవేశం ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తోస్తాయి. ఉప్పు వేస్తే ఆ తోపుడు తగ్గి, రంగు నీళ్లని వదిలి నూలులోకి పోతుంది. అందుకే డైరెక్ట్ రంగుల తొట్టెలో అద్దకందారు కావాలనే ఉప్పు వేస్తాడు. పెద్దమ్మ బకెట్‌లో జరిగిందీ అదే. ఆమె వేసిన ఉప్పు రంగుని మళ్లీ గుడ్డలోకే తోసింది. ఉప్పు పోయాక తోసేది పోయింది.

అయితే ఈ పేలిక రంగు డైరెక్ట్ రంగేనని రుజువేమిటి? నూలు మీద ఎరుపు చాలా దారుల్లో వస్తుంది. మొదట ఒక దారి మూసేశాను. 1880ల్లో జర్మనీలో పాల్ బ్యోటిగర్ కాంగో రెడ్ అనే రంగు తయారుచేశాడు. పటిక వంటి ఆధారమేదీ లేకుండా నేరుగా నూలుకి పట్టిన మొదటి కృత్రిమ రంగు అదే. దాని బలహీనత కూడా అందరికీ తెలుసు. పుల్లటిది తగిలితే నీలంగా మారుతుంది. పేలిక మీద వెనిగర్ చుక్క వేశాను. ఎరుపు ఎరుపుగానే ఉంది. కాంగో రెడ్ కాదు.

నాఫ్తాల్ ఎరుపు అయి ఉండవచ్చా? ఆ రంగు గుడ్డలోనే పుడుతుంది, నీళ్లలో కరగదు. దాని జబ్బు వేరు. పైపైన మిగిలిన రంగు పొడి రాసుకుపోతుంది. తెల్ల రుమాలుతో పేలికని పొడిగా రుద్దాను. రుమాలుకి ఏమీ అంటలేదు. నీళ్లలో కరుగుతూ, పొడిగా రుద్దితే అంటని రంగు నాఫ్తాల్ కాదు.

రియాక్టివ్ రంగుల దారి ఇంకా తెరిచే ఉంది. ఇంగ్లండ్‌లో ఐసీఐ సంస్థ 1956లో ప్రోసియాన్ పేరుతో వీటిని అమ్మకానికి తెచ్చింది. ఈ రంగులు నూలుతో రసాయన బంధం వేసుకుంటాయి. ఇక్కడా తొట్టెలో ఉప్పు వేస్తారు, కానీ అది రంగుని నూలు దగ్గరికి చేర్చడానికే. బంధం పడేది తర్వాత వేసే సోడాతో. బంధం పడని రంగు కొంత గుడ్డలో మిగిలిపోతుంది. మిల్లులో దాన్ని బాగా కడగకపోతే మన బకెట్‌లో దిగుతుంది. ఆ దిగడానికి హద్దుంటుంది. మిగులు పోయాక నీళ్లు తేటపడతాయి. పేలిక ముక్కని వేడినీళ్లలో వేసి, తీసి, మళ్లీ కొత్త వేడినీళ్లలో వేశాను. ఎనిమిదో గిన్నెలో కూడా నీళ్లు గులాబీగానే ఉన్నాయి. రియాక్టివ్ రంగు అలా దిగుతూ ఉండదు. మిగిలింది డైరెక్ట్ రంగు.

మా పక్కింటావిడ ఇదంతా చూసి, పటికతో కూడా ఒకసారి చూడమంది. వాళ్ల అమ్మ కథరీ గుడ్డలన్నిటికీ పటికే వాడేదట. చూశాను. పటిక నీళ్లలో రంగు తక్కువ దిగింది. మామూలు నీళ్లలో వేయగానే మళ్లీ దిగింది. వెనిగర్‌లో నానబెట్టిన ముక్క కూడా అంతే. పుల్లటి నీళ్లు కొన్ని రంగుల్ని ఉన్నికీ పట్టుకీ పట్టిస్తాయి. నూలు దగ్గర ఆ పని జరగదు. ఉప్పు, పటిక, వెనిగర్ ఈ మూడూ అద్దకం పనిలో నిజంగా వాడేవే. ఒక్కోదానికి ఒక్కో రంగుతో, ఒక్కో దశలో పని. గుడ్డ దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికి ఆ దశ దాటిపోయి ఉంటుంది.

ఈ మాటకి సాక్షి బొంత మీదే ఉంది. అది రెండో ఎరుపు, అంటని ఎరుపు. పెద్దమ్మ పుస్తకంలో దాని పేరు చీరాల రుమాలు, అమ్మ పెట్టెలోది. పేరుని నమ్మి వదలలేదు. ముక్కని వెనక్కి తిప్పి చూస్తే ముందూ వెనకా డిజైను ఒకటే. అచ్చు గుడ్డకి వెనక మసకగా ఉంటుంది. గళ్ల అంచులు కత్తితో కోసినట్టు కాకుండా పోగు పోగుకీ కొంచెం జరిగి ఉన్నాయి. అంటే నేసేముందే నూలుకి ముడులు కట్టి రంగు అద్దారు. ఎరుపు, నలుపు, తెలుపు. చీరాలలో నేసి అరబ్బు దేశాలకి పంపిన తేలియా రుమాళ్ల లక్షణాలివి. తెలంగాణలో పుట్టపాక నేతగాళ్లు ఈ పనిని నిలబెట్టారు. తేలియా రుమాలుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ ఎరుపు ఎందుకు దిగలేదు? తేలియా అంటేనే నూనె పట్టినది. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. తర్వాత పటిక. ఆఖరున అలిజరిన్ అనే ఎర్ర రంగుతో ఉడికించడం. ఈ వరసే కీలకం. పటిక రంగు కన్నా ముందు గుడ్డలోకి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత వచ్చిన రంగు దాన్ని పట్టుకుని నీళ్లలో కరగని పదార్థంగా మారిపోతుంది. కరగనిది నీళ్లలోకి దిగదు. మా పక్కింటావిడ అమ్మగారి పటిక అబద్ధం కాదు. రంగు పడ్డాక వేసిన పటిక అది, అంతే తేడా.

ఈ వరసని మన తీరంలో చూసి రాసిపెట్టినవాళ్లు 18వ శతాబ్దంలోనే ఉన్నారు. ఫ్రెంచి నౌకాధికారి బోల్యూ 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో కలంకారీ పని చూస్తూ, ఒక్కో దశలో గుడ్డ నమూనా తీసి, రాతతో పాటు పారిస్‌కి పంపాడు. 1742లో కేర్దూ అనే జెజూయిట్ పాదిరి కోరమాండల్ తీరం నుంచి ఇదే పని గురించి ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చుకుని, తెలుగు నిఘంటువు పని చేసిన మనిషి కాబట్టి ఆయన మాటని నేను ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను. కరక్కాయ, పాలు, పటిక, ఆ తర్వాతే చిరివేరు. అంటే తీరం వెంట నిలిచిన ఎరుపుకి తాళం పటిక.

చిరివేరు ఒక చిన్న మొక్క వేరు. సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో లండన్‌లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దాని బొమ్మ వేయించి, తెలుగు పేరుతో సహా వివరించాడు. సముద్రపు ఇసక నేలల్లో పెరిగిన వేరుకి గిరాకీ. ఆ ఇసకలో గవ్వల పొడి ఉంటుంది, అంటే సున్నం. ఎరుపు గట్టిగా నిలవడానికి పటికలోని అల్యూమినియంతో పాటు సున్నం కూడా కావాలని రసాయన శాస్త్రం తర్వాత చెప్పింది. ఈ జత కుదిరిన చోటు చూడడం నాకు ఈ వెతుకులాటలో ఎక్కువ సంతోషం ఇచ్చింది.

మా రుమాలుది చిరివేరు ఎరుపా, ఫ్యాక్టరీ అలిజరినా? కొన్నాళ్లు ఈ ప్రశ్న వెంట తిరిగి వదిలేశాను. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ని తారునుంచి వచ్చే పదార్థంతో తయారుచేశారు. 1869 జూన్‌లో జర్మన్ల పేటెంటు దరఖాస్తుకీ, ఇంగ్లండ్‌లో పెర్కిన్ దరఖాస్తుకీ మధ్య ఒక్క రోజే తేడా. ఆ తర్వాత ఊళ్లలో వేరు తవ్వడం తగ్గి సీసాలో రంగు వచ్చింది. కానీ వేరులో ఎరుపుని ఇచ్చే ముఖ్య పదార్థమూ, సీసాలోదీ ఒకటే. రంగు దిగిందా లేదా అన్న ప్రశ్నకి జవాబు వేరులో లేదు, సీసాలో లేదు. పటికలో ఉంది.

చెట్ల రంగు దిగదు, ఫ్యాక్టరీ రంగు దిగుతుంది అనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. దానికి ఎదురు సాక్ష్యం ఇదే తీరం నుంచి వెళ్లిన ఇంకో గుడ్డ. మద్రాసు గళ్ల గుడ్డ అమెరికా చేరింది. 1958లో ఒక ఎగుమతిదారు చన్నీళ్లలో సున్నితంగా ఉతకాలని చెప్పి అమ్మాడని, అక్కడి దుస్తుల కంపెనీ ఆ మాటని కొనుగోలుదారులకి చేరవేయలేదని, చొక్కాలు రంగు దిగి గొడవ అయిందని కథ. కథ ఎగుమతిదారు వైపు నుంచి, చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అందుకని దాన్ని సాక్ష్యంగా తీసుకోను. వివాదం లేనిది ఒకటుంది. 1960ల్లో అమెరికాలో ఆ గుడ్డని రంగు దిగుతుందని చెప్పే అమ్మారు. దిగడమే దాని గుణమని ప్రకటనలు వేశారు. చేమగ్గం మీద నేసిందే, చెట్ల రంగులని చెప్పుకున్నదే. నిలవకుండా అద్దిన రంగు ఎక్కడిదైనా దిగుతుంది.

బొంత గుడ్డలు ఉతికి సిద్ధం చేసుకునేవాళ్లకి నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి చెబుతాను. ఉప్పు మానేశాను. గుడ్డ మూల నుంచి రెండు వేళ్లంత ముక్క కత్తిరించి, తడిపి, తెల్ల నూలు గుడ్డ మీద పరిచి, పైన ఇంకో తెల్ల గుడ్డ వేసి, బరువు పెట్టి తడి ఆరేదాకా ఉంచుతాను. బొంతలో జరిగేది ఇదే, తడి ఎరుపు పక్కన తెలుపు ఆనుకుని ఉండడం. తెలుపుకి అంటితే ఆ గుడ్డని విడిగా, పొగలొచ్చే వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి ఉతుకుతాను. నీళ్లు ఎక్కువ ఉండాలి, గుడ్డ ఈదాలి. దిగిన రంగు నీళ్లలోనే ఉండిపోవాలి, మళ్లీ గుడ్డ మీద కూర్చోకూడదు. మూడు నాలుగు ఉతుకుల్లో నీళ్లు తేటపడితే అది రియాక్టివ్ రంగు మిగులు, ఆ మిగులు పోయింది. మళ్లీ తెల్లగుడ్డ పరీక్ష పెట్టి, అంటకపోతే కుట్టేస్తాను.

తేటపడకపోతే ఇంటి చిట్కాలతో పని కాదు. అద్దకం రంగులు అమ్మే దుకాణాల్లో డై ఫిక్సర్ దొరుకుతుంది. దానికి ధన ఆవేశం ఉంటుంది. డైరెక్ట్ రంగుకి ఉన్న రుణ ఆవేశాన్ని పట్టుకుని, దాన్ని సులువుగా కరగనివ్వదు. ఉప్పు చేయలేని పని అది కొంతవరకు చేస్తుంది. కొంతవరకే. వేడినీళ్లు తగిలితే మళ్లీ వదులుతుంది కాబట్టి అలాంటి గుడ్డ ఉన్న బొంతని ఎప్పుడూ చన్నీళ్లలోనే ఉతకాలి. నేనైతే అలాంటి ఎరుపుని తెలుపు పక్కన పెట్టను.

ఉతికిన గుడ్డని తడిగా మడిచి బకెట్‌లో వదలకూడదు. రంగు ప్రయాణానికి కావలసింది తడి, తాకిడి, సమయం. మడతలో ఆ మూడూ ఉంటాయి. ఒకవేళ కుట్టిన బొంతకి రంగు అంటిందని చూస్తే ఎండలో వేయకూడదు. తడిగానే మళ్లీ నీళ్లలో వేసి, డిటర్జెంట్‌తో, వీలైనన్ని ఎక్కువ నీళ్లలో జాడించాలి. ఆరిపోయాక అంటిన రంగు కూడా నూలు పట్టుకున్న రంగే. దాన్ని తీయడం చాలా కష్టం.

మా బొంత అలా ఆరిపోయింది. గులాబీ ఎక్కడెక్కడ ఉందో కాగితం మీద గీసుకున్నాను. ప్రతి ఎర్ర ముక్కకీ ఒక వైపునే ఉంది. దండెం మీద వేసినప్పుడు కిందికి వేలాడిన వైపు అది. బొంత నడుమ ఒక గీతకి ఇటూ అటూ గులాబీ దిశ మారింది. దండెం తగిలిన గీత అదే. అంటే రంగులో ఎక్కువ భాగం బకెట్‌లో కాదు, దండెం మీద, నీళ్లు కారుతున్నప్పుడు అంటింది. ఉతికాక బాగా పిండి, నేల మీద పరిచి ఆరబెట్టి ఉంటే మరక తక్కువయ్యేది. తడిసిన బొంత బరువు ఎంతో మోసినవాళ్లకి తెలుసు. ఒక్క మనిషి పిండగలిగేది కాదు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది, పేలికది. గజమున్నర గుడ్డలో అంత ముక్క కుట్టకుండా ఎందుకు మిగిలింది? బొంతకి సరిపోయాక మిగిలిందని అనుకున్నాను. అది తప్పు. బొంత కింది అంచున నాలుగు చోట్ల ఎరుపు రావలసిన వరసలో నీలం ముక్కలున్నాయి. వాటి చుట్టూ దారం వేరు, కుట్టు వేరు. తర్వాత మార్చినవి. పేలికని చుట్టిన కాగితాన్ని అప్పటిదాకా చదవలేదు. లెక్కల పుస్తకంలోంచి చింపిన ఆకు అది. పెన్సిల్ రాత, ఆషాఢం, తిథి చెరిగిపోయింది. “ఎరుపు ఉప్పు లేని నీళ్లలో వేసి చూశాను. దిగుతోంది. కింది నాలుగూ మార్చాను. పైవి చేతకాలేదు. ఈ ముక్క దేన్లోనూ కలపొద్దు.”